కుక్కలవ్వ పెట్టిన పేరు

మా గేటు గొళ్లెం తీయకుండా దాన్ని అరచేత్తో రెండుసార్లు చరిచి పిలిచే మనిషి ఒక్కతే ఉండేది. "ఓ మంథనీ, ఉన్నవా?" అనేది. నా పేరు మంథని కాదు. అది గోదావరి ఒడ్డున నేను కొన్నేళ్లు గుమాస్తాగా పనిచేసిన ఊరు. ఆమె నాకు ఆ పేరు ఎందుకు పెట్టిందో మా ఇంటామెకు మొన్నటి వరకూ తెలియదు. నేను చెప్పలేదు.

వానాకాలం మొదలైనప్పటి నుంచి గేటు చప్పుడు లేదు. మొదట్లో, ఉన్న మాట చెప్పాలంటే, నాకు హాయిగానే ఉంది. తర్వాత అనుమానం మొదలైంది. రాకుండా ఉండి చూస్తోందేమో, వీధి చివర ఎక్కడో నిలబడి నేను కుక్కను ఎట్లా నడిపిస్తున్నానో గమనిస్తోందేమో అనుకున్నాను. ఆమె అట్లాంటిదే. చివరికి మొన్న బస్సెక్కి చొప్పదండి పోయాను. ఆమె రేకుల షెడ్డుకు తాళం వేసి ఉంది. ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన ఆమె పోయి నలభై రోజులు దాటిందని చెప్పాడు. పండుకున్నది లేవలేదట. కుక్కలను కరీంనగర్ నుంచి కొందరు వచ్చి వ్యాన్‌లో తీసుకుపోయారట. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. దానికి ముందు ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాలి.

ఊరంతా ఆమెను కుక్కలవ్వ అనేవారు. నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. చేతకాని రోజులు వచ్చాక చుట్టడం మానేసింది గానీ వేళ్లు మానలేదు. ఎదుటి మనిషి మాట్లాడుతున్నంతసేపూ ఆమె కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ లేని ఆకును చుడుతూనే ఉండేవి. మాట నచ్చినా నచ్చకున్నా ముఖం మారేది కాదు. అబద్ధం అనిపించినప్పుడు మాత్రం ఆ వేళ్లు ఆగిపోయేవి. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఎవరినీ నమ్మేది కాదు. "నలభై ఏండ్లు నా కట్టలిప్పి సూసిండ్రు సారూ. తంబాకు తక్కువేసిన్నా, ఆకు చిన్నగ కోసిన్నా అని ఒక్కొక్క బీడీ ఇరిచి సూసేటోళ్లు. ఇగ ఇప్పుడు నా వంతు. నేను మనుషులను ఇప్పి సూస్త," అనేది.

ఆమె షెడ్డులో ఉన్నవన్నీ ముసలి కుక్కలే. లారీ కింద పడి బతికినవి, కళ్లు పోయినవి, ఇల్లు మారేటప్పుడు యజమానులు వదిలేసిపోయినవి. వాటికి టామీ, రాజు లాంటి పేర్లు ఉండేవి కావు. ఏ ఊళ్లో దొరికితే ఆ ఊరే పేరు. "ఏయ్ ధర్మపురీ, పక్కకు జరుగు." "పెద్దపల్లి ఇయ్యాల తింటలేదు, దానికి పంటి నొప్పి." కొత్తగా విన్నవాళ్లకు నవ్వొచ్చేది. ఆమె వాటిని ముద్దు చేయడం నేను చూడలేదు. చెవి మడిచి చూసేది, తన వేళ్లు తాను వాసన చూసుకునేది, ఇంకో చెవి మడిచేది. అంతే.

మూడేళ్ల క్రితం నేను రిటైరయ్యాక మా ఇంటామె ఒక కుక్కను తెచ్చుకుందామంది. "పిల్లనొద్దు. మనమే ముసలోళ్లమైతిమి, దాని ఎంట ఎవలు ఉరుకుతరు? చొప్పదండి కాడ ఎవలో అవ్వ ముసలి కుక్కలను సాదుతదట, అండ్లకెళ్లి ఒకటి తే," అంది. నేను ఒక్కడినే వెళ్లాను. తానూ వస్తానంటే ఎండ ఎక్కువని ఆపేశాను. ఎందుకు ఆపానో నాకు తెలుసు. మాకు అంతకుముందు ఒక కుక్క ఉండేది. అవ్వ అడిగితే మా ఇంటామె ఆ సంగతి చెప్పేస్తుంది.

ఆ కుక్క పేరు టైగర్. మంథనిలో ఉన్నప్పుడు పెంచాం. గోధుమ రంగు, తోక చివర తెల్లటి కుచ్చు. రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు నాకు ఉట్నూర్ బదిలీ అయింది. అక్కడ దొరికిన క్వార్టర్‌లో కుక్కను ఉంచుకోవడం కుదరదన్నారు. కొంచెం అడిగి ఉంటే కుదిరేదే. నేను అడగలేదు. మా వైపు ఒక నమ్మకం ఉంది. కుక్కనైనా పిల్లినైనా వదిలించుకోవాలంటే గోనెసంచిలో వేసి, మూతి కట్టి, ఏరు దాటించి వదలాలి. దారి అది కళ్లతో చూడకూడదు. మధ్యలో నీళ్లు అడ్డం పడితే వాసన తెగిపోయి తిరిగి రాదు. నేను అట్లాగే చేశాను. సంచి చూపిస్తే టైగర్ ఆటనుకుని తనే తల దూర్చింది. పడవలో నా కాళ్ల మధ్య కదలకుండా కూర్చుంది. అవతలి రేవులో ముడి విప్పి, అది ఒళ్లు విదిలించుకునే లోపలే మళ్లీ పడవెక్కాను. మా ఇంటామెకు మాత్రం అవతలి ఒడ్డున ఒక రైతుకు ఇచ్చానని, మంచివాళ్లని చెప్పాను.

ఆ రోజు ఒక్కడినే పోయి అవ్వ షెడ్డు ముందు నిలబడ్డాను. బూడిదరంగు మూతి ఉన్న ఆడకుక్క ఒకటి మూలన పడుకుని ఉంది. వెనక కాలు మీద పుండు. నన్ను చూసి లేవలేదు, మొరగలేదు. తోక ఒక్కసారి నేలకు కొట్టి ఊరుకుంది. దాన్నే అడిగాను.

"అది జగిత్యాల," అంది అవ్వ. "బస్టాండ్ల దొరికింది. ఇంతకుముందు కుక్కను సాదినవా?"

"లేదవ్వా. ఎన్నడూ సాదలే."

ఆమె లోపలికి పోయి ఖాళీ గోనెసంచి తెచ్చింది. నా ముందు నిలబడి దాన్ని ఫట్ ఫట్‌మని దులిపింది. నాలుగైదు కుక్కలు గోడ వైపు పరుగెత్తాయి. జగిత్యాల తల ముడుచుకుంది. దుమ్ము లేచింది. నేను గోడ మీది సున్నం పెచ్చుల వైపు చూశాను. ఆమె మాత్రం కుక్కల వైపు చూడనే లేదు. నా ముఖం వైపే చూస్తోంది. వేళ్లు ఆగి ఉన్నాయి.

"ఇయ్యను పో," అంది.

"ఎందుకవ్వా?"

"ఎందుకంటే ఇయ్య. పో సారూ, బస్సు పోతది."

రెండోసారి బిస్కెట్ ప్యాకెట్లు తీసుకుని వెళ్లాను. వాటిని తీసుకుంది, కుక్కను ఇవ్వలేదు. మూడోసారి మాట కూడా కలపలేదు. నాకు కోపం వచ్చింది. కోపం ముదిరితే అది అనుమానమై కూర్చుంటుంది. నాలాంటి ఆఫీసు మనుషులకు అది మరీ తొందరగా అవుతుంది. కుక్కలు తీసుకోవడానికి వచ్చినవాళ్లను తరిమేస్తూ ఈమె ఇన్ని కుక్కలను ఏం చేస్తోంది? చాయ్ హోటలాయనను కదిలించాను. ఆయనకు ఎవరినైనా ఒక మాట అనడమంటే చాయ్‌లో చక్కెర వేసినంత తేలిక.

"ఆమె జర తిక్కది సారు. కుక్కలు వస్తుంటయి, పోతుంటయి. ఏడికి పోతయో దేవునికెరుక. గీ నెల ఉన్నది వచ్చే నెల కనవడది."

ముసలి కుక్కలు చనిపోతాయన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. తట్టకూడదనే అనుకున్నానేమో. ఆ తర్వాత పదిరోజుల్లో నాలుగుసార్లు పోయి ఆ హోటల్ బెంచీ మీద కూర్చుని షెడ్డును కాపలా కాశాను. కుక్కలను లెక్కపెట్టుకున్నాను. ఒకరోజు పదకొండు, ఒకరోజు పది. ఒక అబద్ధాల మనిషి ఇంకొకరిని పట్టుకోవడానికి ఎంత ఓపికగా కూర్చోగలడో అప్పుడు నాకు తెలిసింది.

అయిదోసారి పోయిన మధ్యాహ్నం షెడ్డు ముందు ఆటో ఆగింది. డ్రైవరూ అవ్వా కలిసి ఒక గోనెసంచిని చెరో పక్క పట్టుకుని మోసుకొచ్చారు. సంచి కదులుతోంది. మూలన చూస్తే జగిత్యాల లేదు. నాకు ఇవ్వనన్న కుక్కనే! చాయ్ గ్లాసు బెంచీ మీదే వదిలేసి ఉరికాను. ఆటోకు అడ్డంగా నిలబడ్డాను.

"దొరికినవవ్వా! అడిగితే ఇయ్యవు. సంచిల ఏస్కొని ఏరు దాటిస్తవా? సిగ్గు లేదా?" అని అరిచాను. నలుగురు జమయ్యారు. హోటలాయన పెనం వదిలేసి వచ్చాడు.

అవ్వ కంగారుపడలేదు. సంచిని మెల్లగా సీటు మీద సర్దింది. అప్పుడు కనిపించింది. సంచి మూతి కట్టి లేదు. అందులోంచి జగిత్యాల తల బయటికి ఉంది. నాలుక వేలాడుతోంది. పుండు పురుగు పట్టి కాలు వాచిపోయింది. నడవలేని కుక్కను ఎత్తడానికి సంచి కంటే వీలైనది లేదు. పశువుల దవాఖానకు తీసుకుపోతున్నారు.

"సారూ," అంది ఆమె. గొంతు పెంచలేదు. "గీ చొప్పదండిల ఏరు ఏడున్నది?"

ఆటో ముందు నుంచి నేను ఒక అడుగు పక్కకు జరిగాను.

"సంచిల కుక్కను సూసినోళ్లు సచ్చిందా అంటరు. దవాఖానకా అంటరు. నువ్వొక్కనివే ఏరు అన్నవు. ఏ ఏరు? ఏ ఊరు?"

చుట్టూ ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అయింది. మొదటిరోజు ఆమె సంచి దులిపి అడిగినదానికి నేనే నడిరోడ్డు మీద, ఎవరూ అడగకుండానే జవాబు చెప్పాను.

"మంథని," అన్నాను.

"ఎక్కు. తలకాయ పట్టుకో, ఆటో ఎగిరేస్తది."

కరీంనగర్ వరకు జగిత్యాల తల నా ఒళ్లో ఉంది. దాని వేడి ఊపిరి నా మోకాలికి తగులుతుంటే టైగర్ సంగతంతా చెప్పాను. ఆటో చప్పుడులో కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. సంచిలో తనే తల దూర్చిందన్న మాట కూడా. "ఆఁ? గట్టిగ జెప్పు," అంది ఆమె. గట్టిగా చెప్పాను. ఆమె "అయ్యో" అనలేదు, "పాపం" అనలేదు, తిట్టనూ లేదు. వేళ్లు మాత్రం దారంతా ఆగకుండా చుడుతూనే ఉన్నాయి. నేను చెప్పింది నిజమని ఒప్పుకున్నది ఆ వేళ్లే.

దవాఖానలో పుండు కడిగించి కట్టు కట్టించాక బయటి అరుగు మీద కూర్చుని అంది: "నువ్వు మంథని పో. ఏరు దాటు. ఏడ ఇడిసిపెట్టినవో గాడనే అడుగు. ఏమైందో తెలుసుకొని వచ్చి నాకు జెప్పు. అటెనుక జగిత్యాల సంగతి సూద్దాం."

ఆ రోజు నుంచి ఆమె నన్ను సారూ అనలేదు. కుక్కను వదిలిన ఊరే నా పేరైంది.

పోయాను. అవతలి రేవులో పడవాయన పాతవాడే. నన్ను గుర్తుపట్టలేదు. గోధుమ రంగు, తోకకు తెల్ల కుచ్చు అనగానే మాత్రం తెడ్డు కింద పెట్టాడు.

"అయ్యో, గా కుక్కనా? ఒక వానకాలమంత గీ రేవు కాడనే ఉండె సారు. పడవ వస్తుందంటే ఒడ్డుకొచ్చి నిలవడుతుండె. దిగినోళ్లందరి కాళ్లు వాసన సూస్తుండె. ఒక్కొక్కలవి, ఒక్కొక్కలవి. ఇంత అన్నమేస్తే తింటుండె గని పిలిస్తే ఎవలెంట పోకుండె. ఒకపారి వరదొచ్చింది. గా తెల్లారి సంది కనవడలే. నీదా?"

"కాదు. తెలిసినవాళ్లది," అన్నాను.

తిరుగు బస్సులో పెద్దపల్లి దాకా ఒకే ఆలోచన. ఉన్నది ఉన్నట్టు చెబితే అవ్వ జగిత్యాలను ఇవ్వదు. మా ఇంటామె అప్పటికే కుక్కకు పాత దుప్పటి కుట్టి పెట్టింది. ఆమెకు ఆరేళ్ల కింద చెప్పిన అబద్ధం ఒకటి ఉండనే ఉంది. దాన్నే దులిపి అవ్వ ముందు పెట్టాను. అవతలి ఒడ్డున ఒక రైతు ఇంట్లో ఉందని, బాగా లావెక్కిందని చెప్పాను. నమ్మకం కోసం ఇంకోటి జోడించాను. "నన్ను గుర్తు గూడ పట్టలే అవ్వా. మూతి అటు తిప్పుకున్నది," అన్నాను. నన్ను నేను కొంచెం తక్కువ చేసుకుంటే ఎవరైనా నమ్ముతారని నా లెక్క.

"గుర్తువట్టలేదా?"

"పట్టలే."

వేళ్లు ఆగాయి. నేను చూశాను. చూసి కూడా, గాలికి ఆగాయేమో అన్నట్టు నాకు నేను చెప్పుకున్నాను.

"ఊఁ," అంది. "వారమాగి రా. పుండు మాననీ."

వారం ఆగి పోతే జగిత్యాలను ఇచ్చింది.

ఆ తర్వాత మూడేళ్లు ఆమె మా ఇంటికి వస్తూనే ఉంది. చెప్పి వచ్చేది కాదు. "చెప్పి వస్తే ఇల్లు సర్దుకుంటరు," అనేది. చంకలో మడిచిన గోనెసంచి ఉండేది. చూపించేది కాదు, పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చునేది. జగిత్యాల వచ్చి ముందు ఆమె కాళ్లు వాసన చూసేది. బయటి నుంచి ఎవరొచ్చినా అది చేసే మొదటి పని అదే. అవ్వ చెవులు మడిచి చూసేది, గోళ్లు చూసేది, నీళ్ల గిన్నెలో వేలు ముంచి అడుగున నాచు ఉందేమో తడిమేది. ఒకసారి గిన్నె కింద చీమలు కనిపిస్తే నన్ను నిలబెట్టి కడిగించింది. పక్కింటివాళ్లు ప్రహరీ మీది నుంచి చూస్తూ నవ్వుకున్నారు. మూడు దశాబ్దాలు ఫైళ్లు నడిపినవాణ్ణి, గిన్నె కడిగి అడుగు పైకి తిప్పి చూపించాను.

మా ఇంట్లో ఆమె చుక్క నీళ్లు ముట్టలేదు. మా ఇంటామె ప్రతిసారీ అడిగేది. "వద్దు బిడ్డా. మీ నీళ్లు తాగిన్నంటే రేపు కుక్కను గుంజుకపోవాల్నంటే నా చెయ్యి రాదు," అనేది ముఖం మీదే. మా ఇంటామె దానికి పకపకా నవ్వేది. ఆ ఇద్దరికీ బాగానే కుదిరింది. చివరిసారి వచ్చినప్పుడు ఎండ మండిపోతోంది. మా ఇంటామె బలవంతంగా మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. అవ్వ గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది, తీసుకెళ్లి మొత్తం జగిత్యాల గిన్నెలో పోసింది.

పోయే ముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "మంథనీ, నీ కుక్క మంచిగున్నదా?"

మా ఇంటామె పక్కనే ఉండేది. రైతుకు ఇచ్చిన టైగర్ గురించి అడుగుతోందని, ఎప్పుడో మాటల్లో నేనే చెప్పి ఉంటానని అనుకునేది. "మంచిగున్నది అవ్వా," అనేవాణ్ణి. ఆమె సంచి చంకలో పెట్టుకుని, ఇంకేమైనా చెబుతానేమో అన్నట్టు ఆగేది. నేను గేటు గొళ్లెం వైపు చూసేవాణ్ణి. ఈమెకు తెలుసా, తెలియదా? తెలిస్తే కుక్కను ఎందుకు తీసుకుపోదు? తెలియకపోతే ఎందుకు అడుగుతుంది? ఆ సంచి మా ఇంటి కోసమేనా? మూడేళ్లు ఈ ప్రశ్నలతోనే జగిత్యాలకు వేళకు అన్నం పెట్టాను, వేళకు నడిపించాను. దాని పుండు మళ్లీ ఒకసారి లేస్తే పక్కన కూర్చుని కట్టు మార్చాను. ప్రేమ లేదని కాదు. కానీ ఏ పని చేస్తున్నా చెవి ఒకటి గేటు దగ్గరే ఉండేది.

మొన్న హోటలాయన చెప్పిన మాట ఇది.

"మీరు మంథని పోయొచ్చినంక ఆమె గూడ పోయింది సారు, మీకెరుక లేదా? గా వారంలనే. పొద్దుగాల బస్సెక్కి పోయి పొద్దుగూకినంక దిగింది. గీ బెంచి మీదనే కూలవడ్డది, ఒక చాయ్ తాగింది. 'గాయిన నాకు అవద్ధం జెప్పిండు. గుర్తువట్టని కుక్క దునియాల ఉంటదారా?' అన్నది."

"మరి..." అన్నాను.

"నేను గదే అడిగిన సారు. మరి కుక్కను ఎందుకిస్తవవ్వా అన్న. ఏమన్నదో ఎరుకనా? 'నేను మంచోణ్ణి అనుకునేటోడు ఎప్పుడో ఒకనాడు సంచి తీస్తడు. అవద్ధమాడినోనికి భయముంటది. భయమున్నోని ఇంట్ల కుక్క కడుపునిండ తింటది' అన్నది. తిక్కది సారు, జెప్పలే?" అని నవ్వాడు. ఆయన నవ్వుతుంటే నేనూ నవ్వబోయాను. కుదరలేదు.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మా ఇంటామె వరండాలో చాటలో బియ్యం చెరుగుతోంది. అవ్వ పోయిందని చెప్పాను. చాట ఒళ్లోనే పెట్టుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీళ్లన్న తాగకపాయె," అంది. నేను అవ్వ కూర్చునే మెట్టు మీద కూర్చున్నాను. ఆ మెట్టు మీది నుంచి చూస్తే గేటు, నీళ్ల గిన్నె, నేను ఎప్పుడూ నిలబడే చోటు మూడూ కనిపిస్తాయని అప్పుడు తెలిసింది.

"మంథని కుక్క మంచిగ లేదు," అన్నాను.

"ఏంది?"

"టైగర్‌ను ఎవలకూ ఇయ్యలే. సంచిల ఏసి ఏరు దాటించి ఇడిసిపెట్టిన. రేవు కాడ ఒక వానకాలమంత ఎదురు సూసిందట. తర్వాత వరదొచ్చిందట. అవ్వకు గూడ అవద్ధమే జెప్పిన. ఆమెకు మొదటిసందే ఎరుక."

మా ఇంటామె బియ్యంలోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

"తొమ్మిదేండ్లు," అంది. "దానికి అన్నం వెట్టిన చేతులు నావి. నన్నొక్క మాట అడగకపోతివి." చాట ఎత్తుకుని లోపలికి పోయింది. తలుపు వేయలేదు, నన్ను రమ్మని పిలవనూ లేదు.

జగిత్యాల దుప్పటి మీది నుంచి మెల్లగా లేచింది. కుంటుతూ వచ్చి, బయటి నుంచి ఎవరొచ్చినా చేసే పనే చేసింది. వంగి నా కాళ్లు వాసన చూసింది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. నేను కదలకుండా కూర్చున్నాను.